ఇనుము దిక్కు ఎంచుకొనే వేళ

నయా రాయపూర్‌లో ఏ కూడలిలో నిలిచి చూచినా రెండు దృశ్యాలు తప్పవు. ఒకటి, వచ్చే పోయే బండ్లకు మించిన విశాలమైన రోడ్లు. రెండవది, వాటి పక్కన లేస్తున్న కట్టడాలు. 2018లో ఈ నగరానికి అటల్ నగర్ అన్న పేరు వచ్చి చేరినా, నాలుకకు అలవాటైన పాత పేరు ఇంకా పోలేదు. పునాది తీసిన ప్రతి చోటా ఇనుప చువ్వల మోపులు పడి ఉంటాయి. వాటిలో చాలా భాగం దూరదేశం నుండి వచ్చినవి కావు. పాత రాయపూర్‌కు అవతలి వైపున ఉర్లా, సిల్తరా అనే పారిశ్రామిక వాడలున్నవి. ఖనిజాన్ని ఇనుముగానూ, ఇనుమును ఉక్కుగానూ, ఉక్కును చువ్వలుగానూ మార్చే కొలుములు అక్కడ రాత్రింబవళ్ళు మండుతుంటాయి.

అటువంటి కర్మాగారం ఒకదానిలో తెలుగు కార్మికులు చాలమంది ఉన్నారు. వారి కోసం జాగ్రత్తల పుస్తకం ఒకటి తెలుగు చేసే పని మీద ఆ మధ్య నేను అక్కడికి వెళ్ళవలసి వచ్చింది. అనువదించే వస్తువును కంటితో చూడకుండా అనువదిస్తే ఏమవుతుందో ఇరవై ఏళ్ళ అనుభవంలో తెలుసుకొన్నవాడిని కనుక, ఒక రోజంతా కొలుముల నడుమ తిరిగాను. నాకు దారి చూపిన పెద్దాయన శ్రీకాకుళం జిల్లావాడు. ముప్ఫై ఏళ్ళ నాడు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు.

ఆయన చూపించిన పని క్రమం ఇది. బైలదిల్లా వంటి గనులలో దొరికే హెమటైటు అనే ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి, కొంచెం ఏటవాలుగా పరుండబెట్టిన ఒక మహా గొట్టంలో పోస్తారు. గొట్టం మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. లోపలి వేడి వెయ్యి డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతంలో ఉంటుంది. ఖనిజంలోని ఆక్సిజన్‌ను బొగ్గు లాగివేయగా, ఇనుము కరగకుండానే చిల్లులు పడిన ముద్దలుగా మిగులుతుంది. స్పాంజి ఇనుము అనేది దీనినే. దానిని మరొక గొట్టంలోకి పంపి, పైన నీళ్ళు కుమ్మరిస్తూ చల్లారుస్తారు. తరువాత జల్లించి, అయస్కాంతపు డ్రమ్ము మీదుగా పోనిస్తారు. ఇనుము డ్రమ్మును పట్టుకొని ఒక వైపుకు పోతుంది. మిగిలిపోయిన బొగ్గు, బూడిద మరొక వైపు రాలిపోతాయి.

ఆ డ్రమ్ము దగ్గర నిలబడి పెద్దాయన అడిగాడు: "ఈ సంగతి మీ పుస్తకంలో రాసున్నాదా మాస్టారూ? ఎర్రగా కాలిన ఇనుముని మేగ్నెట్టు పట్టదు. చల్లారితే పట్టేస్తాది. అదీ ఇనుమే, ఇదీ ఇనుమే. మధ్యన ఏటయిపోతాదండి?"

పుస్తకంలో లేదు. జాగ్రత్తల పుస్తకానికి ఆ ప్రశ్నతో పని లేదు కూడా. చల్లార్చడానికి వేరే కారణాలున్నవి: వేడి స్పాంజి ఇనుముకు గాలి తగిలిందా, మళ్ళీ ఆక్సిజన్‌తో కలిసి మండుతుంది. కాని ఆయన ప్రశ్న నన్ను వదలలేదు. చదివిన కొద్దీ తెలిసినదేమిటంటే, ఇరవయ్యో శతాబ్దపు భౌతికశాస్త్రం తన పెద్ద ఆలోచనలలో ఒకదానిని ఈ ప్రశ్న చుట్టూనే అల్లుకొన్నది.

ముందు జరిగినదేమిటో చూద్దాం. ఇనుముకు 770 డిగ్రీలు ఒక గడప. అంతకు పైన అది అయస్కాంతానికి లొంగదు. కిందికి దిగగానే లొంగుతుంది. నికెలుకు ఈ గడప సుమారు 358 డిగ్రీల దగ్గర, కోబాల్టుకు 1,115 డిగ్రీల దగ్గర ఉన్నది. 1895లో పియరీ క్యూరీ వేడికీ అయస్కాంతత్వానికీ గల సంబంధాన్ని శ్రమించి కొలిచాడు కనుక దానికి క్యూరీ ఉష్ణోగ్రత అని పేరు వచ్చింది. ఇందులో వింత ఏమిటంటే, ఆ గడప దాటేటప్పుడు ఇనుములో కంటికి ఆనే మార్పు ఏదీ జరగదు. కరగదు. పరమాణువులు పేర్చుకొన్న తీరు మారదు. ఆ మార్పు వచ్చేది ఇంకా పైన, 912 డిగ్రీల దగ్గర. వెనుకటి లోహశాస్త్రజ్ఞులకు ఇది మింగుడుపడలేదు. గుణం మారినదంటే పదార్థమే మారి ఉండాలనుకొని, 770కీ 912కీ నడుమ ఉన్న ఇనుముకు బీటా ఇనుము అని వేరే పేరు పెట్టారు. తరువాత ఎక్స్ కిరణాలతో చూస్తే పేర్పులో ఏ తేడా లేదు. ఆ పేరు పుస్తకాలలోంచి మెల్లగా జారిపోయింది.

మరి మారినదేమిటి? దిక్కు.

ఇనుములో ప్రతి పరమాణువూ ఒక చిట్టి అయస్కాంతం. ప్రతిదానికీ ఒక ముఖం ఉన్నది, అది ఏదో ఒక వైపు చూస్తూ ఉంటుంది. పక్కపక్కనున్న పరమాణువులు రెండూ ఒకే వైపు చూస్తే వాటికి శక్తి ఖర్చు తక్కువ. ఈ ఇరుగుపొరుగు బంధం అయస్కాంతాల నడుమ ఉండే మామూలు ఆకర్షణ కాదు; దాని బలం ఇందుకు ఏ మూలకూ చాలదు. ఎలక్ట్రానుల విద్యుత్ వికర్షణకు క్వాంటం నియమాలు తోడై పుట్టించే బంధం ఇది. 1928లో హైసెన్‌బర్గ్ దీని గుట్టు విప్పాడు. అయితే మనకు కావలసినది దాని పుట్టుక కాదు, దాని స్వభావం. "నీ పొరుగువాడు ఎటు చూస్తే అటు చూడు" అన్నంతవరకే అది చెబుతుంది. తూర్పు చూడమనదు, పడమర చూడమనదు. దాని దృష్టిలో అన్ని దిక్కులూ ఒకటే. శాస్త్రజ్ఞులు ఈ సమదృష్టిని సౌష్ఠవం అంటారు.

వేడి ఎక్కువగా ఉన్నంతసేపూ పరమాణువులు కుదురుగా ఉండవు. ఒకటి ఇటు తిరిగితే ఒకటి అటు తిరుగుతుంది. అన్నింటినీ కూడి సరాసరి తీస్తే సున్న. నియమానికి ఏ దిక్కుపైనా పక్షపాతం లేదు, ఇనుముకూ లేదు. వేడి తగ్గుతూ వచ్చి 770 దగ్గర ఇరుగుపొరుగు బంధానిది పైచేయి అవుతుంది. అప్పుడు అన్నీ ఒకే వైపు చూడక తప్పదు. ఎటువైపు? నియమాన్ని అడిగితే జవాబు లేదు. అయినా ఇనుము ఏదో ఒక దిక్కు తీసుకొంటుంది, తీసుకొన్నదాని మీద నిలుస్తుంది. పక్షపాతం లేని నియమం పక్షపాతం గల వస్తువును కన్నది.

దీనికి ఇంగ్లీషులో స్పాంటేనియస్ సిమెట్రీ బ్రేకింగ్ అని పేరు. సిమెట్రీకి సౌష్ఠవం ఉన్నది. బ్రేకింగ్‌కు భంగం అనవచ్చు. చిక్కంతా మొదటి మాటతోనే. స్వచ్ఛంద సౌష్ఠవ భంగం అందామంటే, ఇనుముకు ఇష్టాయిష్టాలు ఉన్నట్లు ధ్వనిస్తుంది. యాదృచ్ఛికం అందామంటే, అసలు నియమమే లేనట్లు. రెండూ అపార్థాలే. దిక్కు తీసుకోవడం నియమం ప్రకారం తప్పనిసరి. ఏ దిక్కు అన్నది మాత్రం నియమంలో రాసి లేదు. ఈ రెండు వాక్యాలనూ ఒక్క సమాసంలో ఇమడ్చగల మాట నాకింకా దొరకలేదు. ప్రస్తుతానికి 'సౌష్ఠవం తనంతట తాను భంగపడటం' అని సరిపెట్టుకొంటున్నాను.

మనుషుల లోకంలో దీనికి దగ్గరి పోలిక రోడ్డు. బండ్లు ఎడమ పక్కన పోవాలా, కుడి పక్కన పోవాలా? ఏదైనా ఒకటే, కాని అందరూ ఒకే పక్కన పోవాలి. మన దేశం ఎడమ తీసుకొన్నది, అమెరికా కుడి తీసుకొన్నది. రెండుచోట్లా రోడ్డు నీతి ఒకటే. ఒక్కడు మాత్రం "రెండూ సమానమే కదా" అని ఎదురు పక్కన పోయాడంటే ప్రాణం మీదికి తెచ్చుకొంటాడు. అందరూ ఒకేసారి మారితే ఏ నష్టమూ లేదు. అయితే ఆ ఒకేసారి అన్నదే కష్టం. స్వీడన్ దేశం 1967 సెప్టెంబరు 3వ తేదీ తెల్లవారుజామున ఎడమ నుండి కుడికి మారింది. ఆ ఒక్క పూట మార్పు కోసం ఏళ్ళ తరబడి సన్నాహం చేశారు. ఇనుములోనూ ఇంతే. ఒక పరమాణువు ఎదురు తిరగాలంటే చుట్టూ ఉన్నవన్నీ దానిని పట్టి లాగుతాయి. ఒక ఘన సెంటీమీటరు ఇనుములో సుమారు 85 కోట్ల కోట్ల కోట్ల పరమాణువులున్నవి. అన్నీ కలిసి ఒక్కసారి ముఖం తిప్పుకోవడం ఎంతకాలం వేచి చూచినా దానంతట అది జరిగేది కాదు.

పోలిక ఒకచోట కుంటుతుంది. రోడ్డుకు రెండే పక్కలు. ఇనుము స్ఫటికంలో ఘనాకారపు అంచుల వెంబడి ఆరు దిక్కులు పరమాణువులకు సుఖమైనవి. ఆరింటిలో ఏది అన్నదానికి మాత్రం మళ్ళీ జవాబు లేదు.

సంఖ్య మాట వచ్చింది కనుక ఎర్నెస్ట్ ఈసింగ్ కథ చెప్పాలి. జర్మనీలో విల్‌హెల్మ్ లెంజ్ అనే ఆచార్యుడు 1920లో ఒక బొమ్మ అయస్కాంతాన్ని ఊహించాడు. అందులో పరమాణువులకు పైకి, కిందికి అని రెండే ముఖాలు. ప్రతిదీ తన పొరుగును మాత్రమే చూస్తుంది. ఇది గడ్డకట్టినట్లు ఒకే దిక్కుకు తిరుగుతుందా అన్న ప్రశ్నను శిష్యుడు ఈసింగ్‌కు ఇచ్చాడు. ఈసింగ్ పరమాణువులను ఒకే వరుసలో నిలబెట్టి లెక్క వేశాడు. తిరగదు అని తేలింది. మూడు కొలతలలోనూ తిరగదేమో అని కూడా అనేసి 1925లో ఆ మాట ప్రచురించాడు. లెక్క సరైనదే, ఊహ తప్పు.

ఎందుకో చూడండి. పదిమంది కూలీలు ఒకే బారున చేయీచేయీ పట్టుకొని నిలబడి, అందరూ తూర్పు చూస్తున్నారనుకొందాం. ఒకచోట చేయి వదిలితే చాలు, అక్కడ నుండి చివరిదాకా అందరూ పడమరకు తిరిగిపోవచ్చు. ఒక్క జంట విడిపోవడమే దాని ఖర్చు. అంత కొద్ది ఖర్చును ఏ కాస్త వేడి అయినా భరిస్తుంది. కనుక బారు ఎక్కడికక్కడ తెగుతూనే ఉంటుంది. అదే కూలీలు నాట్లు వేసే మడిలో మాదిరి నలుచదరంగా నిలబడి, ప్రతివాడూ ముందు, వెనుక, ఇరుపక్కలవారినీ పట్టుకొని ఉంటే? నడుమ ఒక గుంపు తిరగాలంటే ఆ గుంపు చుట్టూ ఉన్న పట్టులన్నీ వదలాలి. గుంపు పెద్దదైన కొద్దీ చుట్టుకొలతా పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ఈ వాదాన్ని 1936లో పైయర్ల్స్ చూపించాడు. 1944లో లార్స్ ఆన్‌సాగర్ ఆ నలుచదరపు లెక్కను పూర్తిగా సాధించి, గడప ఉష్ణోగ్రత ఎంతో కూడా చెప్పాడు. ఈసింగ్ అప్పటికి పరిశోధన మాని బడిపంతులు అయ్యాడు. యూదుడు కనుక హిట్లరు కాలంలో ఉద్యోగం పోగొట్టుకొని లక్సెంబర్గ్‌కు వలసపోయాడు. తన పేరు ఒక నమూనాకు స్థిరపడి లోకమంతా తిరుగుతున్నదని యుద్ధం ముగిసి అమెరికా చేరిన తరువాతగాని ఆయనకు తెలియలేదు. అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పుకొంటూ 1998 వరకు జీవించాడు. తప్పు ఊహతో ముగిసిన చిన్న వ్యాసం అంతటి కీర్తి తేవడం శాస్త్ర చరిత్రలో అరుదు.

ఇంతవరకు వచ్చిన పాఠకులు ఒక ఆక్షేపణ చేయవచ్చును. నయా రాయపూర్ చువ్వలన్నీ 770 డిగ్రీలకు ఎంతో దిగువన చల్లగా పడి ఉన్నవి కదా, మరి వాటికి మేకులు అంటుకోవేం? న్యాయమైన ప్రశ్న. 1907లో పియరీ వైస్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనికి జవాబు ఊహించాడు. ఇనుము ముక్క ఒకే ఊరు కాదు, అనేక వాడలు. ప్రతి వాడలోనూ అందరూ ఒకే దిక్కు చూస్తుంటారు. కాని ఒక వాడ తూర్పు, పక్క వాడ పడమర, మరొకటి ఉత్తరం. అన్నీ ఒకదానినొకటి రద్దు చేసుకొని వెలుపలికి ఏమీ కనిపించదు. ఇలా విడిపోవడానికీ కారణం ఉన్నది. అంతా ఒకే దిక్కైతే అయస్కాంత క్షేత్రం బయటికి పొంగి, దానికి అదనపు శక్తి ఖర్చవుతుంది. అయస్కాంతం దగ్గరికి తెస్తే దానికి అనుకూలమైన వాడలు పెరిగి, తక్కినవి కుంచించుకుపోతాయి. ఇనుము లొంగడమంటే ఇదే. సిల్తరాలో డ్రమ్మును పట్టుకొన్నది కొత్తగా పుట్టిన గుణం కాదు. వాడవాడలా అప్పటికే ఉన్న ఐకమత్యం.

మరి గొట్టంలోకి పోయక ముందు ఖనిజం సంగతి? అందులోనూ ఇనుమే ఉన్నది కాని చేతి అయస్కాంతం దానిని ఎత్తలేదు. హెమటైటులో ఇరుగుపొరుగు బంధం తలకిందులు: ఇరుగు తూర్పంటే పొరుగు పడమర అంటుంది. ఇదీ ఒక క్రమమే, సుమారు 675 డిగ్రీల దిగువన ఇదీ సౌష్ఠవాన్ని భంగపరుస్తుంది. కాని కూడితే దాదాపు సున్న. లూయీ నీల్ అనే శాస్త్రజ్ఞునికి 1970లో నోబెల్ బహుమతి వచ్చినది ఇటువంటి ఎదురుబొదురు క్రమాలను కనుగొన్నందుకే. బైలదిల్లా నుండి అరకు కొండల మీదుగా విశాఖపట్నం దిగే గూడ్సు బండ్ల నిండా ఈ మౌన అయస్కాంతమే ఉంటుంది.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ఏ దిక్కైనా ఒకటే అన్నప్పుడు, రవ్వంత ప్రేరణ ఉన్నా ఇనుము అటే మొగ్గుతుంది. గడప దాటే క్షణంలో ఆ ప్రేరణ ఎంత అల్పమైనా చాలు. భూమి మీద ఆ ప్రేరణ ఎప్పుడూ ఉన్నది: భూమి తానే ఒక అయస్కాంతం. విలియం గిల్బర్ట్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1600లో ప్రచురించిన గ్రంథంలో ఒక కమ్మరి బొమ్మ ఉన్నది. దాగలి మీద ఎర్రని ఇనుప కడ్డీని ఉత్తర దక్షిణాలుగా పెట్టి సమ్మెటతో కొడుతుంటాడు. అలా చల్లారిన కడ్డీకి అయస్కాంతత్వం అబ్బుతుందని గిల్బర్ట్ చెప్పాడు. సూదంటురాయి సాయం లేకుండానే సూదంటురాయి తయారయిందన్న మాట.

కమ్మరి కొలిమిలో జరిగినదే భూమి పెద్ద ఎత్తున చేసింది. అందుకు సాక్ష్యం చూడటానికి తెలుగు పాఠకులు గోదావరి ఒడ్డుకు వెళితే చాలు. రాజమహేంద్రవరం పక్కన కాతేరులోనూ, నదికి ఆవల పంగిడి, దుద్దుకూరు ప్రాంతాలలోనూ నల్లరాతి క్వారీలున్నవి. రోడ్లకు, ఇళ్ళకు కంకర అక్కడ నుండే పోతుంది. ఆ నల్లరాయి బసాల్టు. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం పడమటి కనుమల ప్రాంతంలో భూమి చీలి ఉబికిన లావా, వెయ్యి కిలోమీటర్ల దూరం పారి అక్కడికి చేరి చల్లారినదని పరిశోధకులు పోల్చి చెప్పారు. రాళ్ళ రసాయన కూర్పు ఆ పడమటి కొండల రాళ్ళతో సరిపోతున్నది. ప్రపంచంలో ఇంత దూరం పారిన లావా మరొకటి ఉన్నదా అన్నది వారి ప్రశ్న.

ఆ రాతిలో మాగ్నటైటు జాతి రేణువులుంటాయి. శుద్ధమైన మాగ్నటైటుకు గడప 580 డిగ్రీలు. లావా అంతకు చల్లారిన వేళ భూమి అయస్కాంత క్షేత్రం ఎటు ఉంటే రేణువులు అటు ముఖం తిప్పి, అలాగే బిగుసుకొన్నవి. మరీ చిన్న రేణువులైతే, అంటే మిల్లీమీటరులో లక్షవ వంతు కొలత గలవైతే, మామూలు వేడికే దిక్కు మార్చుకొంటూ ఉంటాయి. వాటి సంఖ్యాబలం చాలదు. కాస్త పెద్దవి కోట్ల ఏళ్ళు మాట తప్పవు.

రాజమహేంద్రవరం రాళ్ళలో విశేషం ఇది. అక్కడ లావా పొరలు ఒకదాని మీద ఒకటి ఉన్నవి. నడుమ నత్తగుల్లల శిలాజాలున్న సున్నపు పొర ఉన్నది. ప్రయోగశాలలో పరీక్షిస్తే, కింది పొరలోని రేణువులు ఒక దిక్కు చూస్తున్నవి, పై పొరలోనివి దానికి సరిగ్గా ఎదురు దిక్కు చూస్తున్నవి! ఒకే రకం రాయి, ఒకే చోటు, ఒకే భౌతిక నియమం. ఒకనాడు దక్షిణమన్నది, తరువాత ఉత్తరమన్నది. రెండు పొరలకూ నడుమ కాలంలో భూమి అయస్కాంత ధ్రువాలే తారుమారయ్యాయి.

భూమి ఎందుకు తారుమారయింది? భూగర్భంలో ద్రవరూపంలో ఉన్న ఇనుము సుడులు తిరుగుతూ విద్యుత్ ప్రవాహాలను పుట్టించి, వాటి ద్వారా అయస్కాంత క్షేత్రాన్ని నిలుపుతున్నది. ఆ ద్రవం 770 డిగ్రీలకు ఎంతో ఎగువన ఉన్నది కనుక కడ్డీ అయస్కాంతం పద్ధతి దానికి వర్తించదు. అయినా చిత్రమేమిటంటే, దాని సమీకరణాలలో కూడా ఉత్తర దక్షిణాల మీద పక్షపాతం లేదు. క్షేత్రాన్ని అంతటా తలకిందులు చేసినా అవి యథాతథంగా చెల్లుతాయి. మన దిక్సూచి ముల్లు ఉత్తరం చూపడమూ అటువంటి ఎంపికే. ఎన్నో మారులు మారిన ఎంపిక. చివరిసారి మారినది సుమారు 7 లక్షల 80 వేల ఏళ్ళ క్రితం. ఫ్రాన్సులో బ్రూన్ అనే శాస్త్రజ్ఞుడు 1906లో ఒక లావా రాయి వెనుదిరిగి చూస్తున్నదని గమనించే వరకు ఇది ఎవరి ఊహలోనూ లేదు.

దక్కను రాళ్ళు ఇంకొక మాట కూడా చెప్పాయి. రేణువుల ముఖం ఎంత ఏటవాలుగా ఉన్నదో కొలిస్తే, అవి చల్లారిన చోటు అక్షాంశం తెలుస్తుంది. 1950ల నడుమ ఇంగ్లండు నుండి వచ్చిన క్లెగ్, డాయిష్, గ్రిఫిత్స్ ఈ కొలతలు తీసి 1956లో ప్రచురించారు. ఆ లావా పొంగిన నాటికి భారత భూఖండం భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నదని అవి తేల్చాయి. ఖండాలు కదులుతాయన్న మాటను పెద్దలు ఇంకా నవ్వులాటగా తీసుకొంటున్న రోజులవి. కంకర రాయి ఇచ్చిన సాక్ష్యాన్ని నవ్వి తోసివేయడం తేలిక కాలేదు.

ఇనుము నేర్పిన పాఠం ఇనుముతో ఆగలేదు. 1960 ప్రాంతంలో యోయిచిరో నంబు, అతివాహకాల గురించి ఆలోచిస్తూ, మనం శూన్యమనుకొనేది కూడా చల్లారిన ఇనుము వంటిది కావచ్చునన్నాడు: నియమాలకు పూర్ణ సౌష్ఠవం ఉండి, శూన్యం మాత్రం ఏదో ఒక దిక్కు తీసుకొని కూర్చున్నదని. 1964లో పీటర్ హిగ్స్, ఫ్రాన్స్వా ఆంగ్లేర్, ఇంకా కొందరు దాని ఆధారంగా మూలకణాలకు ద్రవ్యరాశి ఎలా వస్తుందో చెప్పారు. 2012 జూలై 4న జెనీవా పక్కన సెర్న్ ప్రయోగశాల ఆ కణం కనిపించినదని ప్రకటించింది. నంబుకు 2008లో, హిగ్స్, ఆంగ్లేర్‌లకు 2013లో నోబెల్ బహుమతులు అందాయి. ఆ గణితం నా చేతికి అందేది కాదు కనుక అంతటితో ఆపుతాను.

పెద్దాయనకు జవాబు బాకీ ఉన్నది కదా. మరుసటి నెల అనువాదం అప్పగించడానికి వెళ్ళినప్పుడు, జేబులో ఒక దిక్సూచి వేసుకొని వెళ్ళాను. ఆయన నన్ను తనకు తెలిసిన కమ్మరి దగ్గరికి తీసుకుపోయాడు. జానెడు చువ్వ ముక్కకు ఒక కొసన ఆకురాయితో గాటు పెట్టి, కొలిమిలో ఎర్రబడే దాకా కాల్చి, గాటు ఉన్న కొసను ఉత్తరానికి ఉంచి ఇటుకల మీద చల్లారనిచ్చాం. పూర్తిగా చల్లారాక, దిక్సూచి పక్కన తూర్పు పడమరలుగా పట్టుకొని దగ్గరికి తెస్తే, గాటు కొసకు ముల్లు తోక కొద్దిగా కదిలి వచ్చింది. మళ్ళీ కాల్చి, ఈసారి గాటును దక్షిణానికి పెట్టి చల్లార్చాం. ముల్లు మొన వచ్చింది.

పెద్దాయన చాలసేపు మాట్లాడలేదు. "భూమి చెప్పినట్టు ఇన్నాది గావాల. మరి ఆ చెప్పీవోడు కూడా లేకపోతే ఏ దిక్కు చూస్తాదండి?"

"వాడకొక దిక్కు తీసుకొంటుంది. ఏది అన్నది ముందుగా ఎవరూ చెప్పలేరు."

"మీరూ చెప్పలేరా?"

"నేనే కాదు. పుస్తకాలు రాసినవాళ్ళూ చెప్పలేరు."

ఆయన చువ్వను మూడోసారి కొలిమిలో పెట్టించాడు. ఎర్రబడ్డాక పట్టుకారుతో తీసి, దిక్సూచి వంక ఒకసారి చూచి, ఈమారు తూర్పు పడమరలుగా ఇటుకల మీద పెట్టాడు. అది చల్లారే వరకు ముగ్గురం అక్కడే కూర్చున్నాం.